మొచిగెంబ వారు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ సభలో ఎందరికో చదువు చెప్పిన మాస్టారి పేరిట ఉపన్యాసం ఇవ్వమన్నప్పుడు నిర్వాహకులు మన ప్రాంతపు చరిత్రలోంచే ఏదో ఒకటి చెబుతానని అనుకుని ఉంటారు. నేను మిమ్మల్ని పోలండ్ మీదుగా టెక్సాస్‌కు తీసుకువెళ్లబోతున్నాను. మాస్టారు ఉంటే అడ్డు చెప్పేవారు కాదు. ఊరి పేర్లన్నా ఇంటిపేర్లన్నా ఆయనకు ప్రాణం. పేరుకు అర్థం చెప్పేసి చేతులు దులుపుకునేవాళ్లంటే మాత్రం ఆయనకు పడేది కాదు. అర్థం సరే, ఈ పేరును కాగితం మీద మొదట ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడిగేవారు. ఆ ప్రశ్నతోనే ఒక ఇంటిపేరును చూద్దాం.

ఆ ఇంటిపేరు మొచిగెంబ. పోలిష్ తెలిసినవాడెవడైనా ఈ పేరు వినగానే నవ్వుతాడు. మొదటి సగానికి తడపడం అని అర్థం. రెండో సగం 'గెంబ' అంటే నోరు. మర్యాదగా అనే నోరు కాదు, మనం కోపంలో 'మూతి' అంటామే, అది. మూతి తడుపుకునేవాడు, అంటే తాగుబోతు. ఇవాళ్టికీ పోలండ్‌లో తాగుబోతును 'మొచిమోర్ద' అంటారు. అదీ ఇదే అచ్చులో పోసిన మాట. ఒక క్రియ, దాని వెనక ఒక నామవాచకం పెట్టి మనిషికి పేరు తగిలించడం ఆ భాషకు పాత అలవాటు. వలిగూర అని ఇంకో ఇంటిపేరుంది, కొండను కూలదోసేవాడని. యూరప్‌లో ఈ అలవాటు చాలా చోట్ల ఉంది. ఫ్రెంచివాళ్ల బువాలో, ఇటలీవాళ్ల బెవిలాక్వా, ఇంగ్లీషువాళ్ల డ్రింక్‌వాటర్, మూడూ నీళ్లు తాగేవాడి పేర్లే. నీళ్లు తాగినందుకే పేరు పెట్టిన లోకం, మందు తాగినవాణ్ణి వదులుతుందా?

ఇలాంటి పేరు ఎవడూ తనకు తాను పెట్టుకోడు. పోలండ్‌లో పెద్దకులాలవాళ్లు తమ జాగీరు ఊరిని బట్టి పేరు పెట్టుకున్నారు. తర్నూవ్ ఏలినవాడు తర్నోవ్‌స్కి అయ్యాడు. ఆ 'స్కి' చూసి తర్వాత పట్నంవాళ్లూ, ఆ తర్వాత రైతులూ తమ పేర్లకు తగిలించుకున్నారు. అందువల్ల 'స్కి' ఉన్న ప్రతివాడూ దొరబిడ్డేమీ కాదు. రైతుకు మాత్రం పేరు పెట్టింది ఇరుగుపొరుగు. ఒకడు కుంటితే ఆ పేరు, పొట్టిగా ఉంటే ఆ పేరు, తాగితే ఈ పేరు. మన గుర్రంవారు, నక్కావారు, మేకావారు కూడా ఏ తాత కాలంలోనో ఏ సందర్భంలోనో ఆ పేర్లకు చిక్కినవాళ్లే. గుర్రం జాషువా గారి కవిత్వం చదివేటప్పుడు ఆ ఇంట గుర్రం ఉండేదా అని ఎవరం అడగం.

ఎగతాళి పేరు వాడితోనే పోవాలి. ఎందుకు పోలేదంటే, పుస్తకంలోకి ఎక్కింది కాబట్టి. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ, జ్ఞానస్నానాలనూ పెళ్లిళ్లనూ ప్రతి చర్చిలో రిజిస్టరు రాయాలని కాథలిక్ గురువులను ఆదేశించింది. ఆ ఆదేశం పల్లెల దాకా పాకడానికి చాలాకాలం పట్టింది. పాకాక మాత్రం, ఊళ్లో ఎవరిని ఏమని పిలుస్తారో పాదిరి అదే రాసుకున్నాడు. తాత తాగాడు. మనవడు చుక్క ముట్టకపోయినా రిజిస్టరులో మూతి తడుపుకునేవాడే.

ఈ పేరును పోలిష్ ఇంటిపేరు అనేశాను. అంత తేలిగ్గా అనకూడదు. మన కథలోని మొచిగెంబ వాళ్లది ఎగువ సైలీషియాలోని ప్వుజ్నిత్స వియెల్క అనే పల్లె, ఒపోలె ప్రాంతంలోని స్త్షెల్‌త్సె పట్టణానికి దగ్గర. ఆ నేల పద్నాలుగో శతాబ్దంలోనే పోలండ్ రాజుల చేయి జారి బొహీమియా కిరీటం కిందికి పోయింది. అక్కడినుంచి ఆస్ట్రియా హాబ్స్‌బర్గులకు, 1742లో ప్రష్యాకు దక్కింది. పందొమ్మిదో శతాబ్దపు మధ్యలో అక్కడి రైతు పోలిష్ యాసలో మాట్లాడే ప్రష్యా పౌరుడు. ఇంట్లో ఒక భాష, గుడిలో లాటిన్, కచేరీలో జర్మన్.

ఈ మూడు భాషల రాపిడి ఆ పేరు అక్షరాల్లోనే కనిపిస్తుంది. నేటి పోలిష్‌లో 'గెంబ'ను రాసేటప్పుడు 'ఎ' అచ్చు కింద చిన్న తోక పెడతారు. ఆ తోకే అనునాసికాన్ని చెబుతుంది. జర్మన్ లిపిలో ఆ తోక లేదు. చెవికి వినబడినట్టు అచ్చు పక్కన 'మ' కలిపి రాశారు. అదే ఊళ్లవాళ్లలో ఇంకో ఇంటిపేరు యజోంబెక్, అడవికోడి లాంటి ఒక పిట్ట పేరు. దానికీ ఇదే గతి పట్టింది. తోక పోయి మకారం వచ్చింది. టెక్సాస్‌లో ఇవాళ ఈ రెండు పేర్లూ మకారంతోనే ఉన్నాయి. అంటే ఆ స్పెల్లింగు అమెరికాలో చెడింది కాదు, ఓడ ఎక్కకముందే అలా ఉంది.

ఇక ఓడ సంగతి. లియోపోల్డ్ మొచిగెంబ 1824లో ఆ పల్లెలో పుట్టాడు. ఇటలీ వెళ్లి ఫ్రాన్సిస్కన్ సన్యాసుల్లో చేరాడు, గురుపట్టం పుచ్చుకున్నాడు, బవేరియాలో ఉన్నాడు. అప్పట్లో గాల్వెస్టన్ బిషప్ ఓడన్ టెక్సాస్‌లోని జర్మన్ వలసదారులకు జర్మన్ వచ్చిన గురువులు కావాలని వెతుకుతున్నాడు. అలా 1852లో ఈయన టెక్సాస్‌కు వచ్చాడు. వచ్చింది జర్మన్ల కోసం. వచ్చాక ఇంటికి ఉత్తరాలు రాశాడు: ఇక్కడ భూమి ఉంది, రండి అని.

ఉత్తరాలతోనే జనం కదలరు. కదిలే పరిస్థితి అక్కడ అప్పటికే ముదిరి ఉంది. 1847, 48ల్లో ఎగువ సైలీషియాను కరువూ టైఫస్ జ్వరాలూ ఊడ్చేశాయి. క్రిమియా యుద్ధంతో ధాన్యం ధరలు పెరిగాయి. 1854 వేసవిలో ఓడర్ నది పొంగింది. ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అసలుది అదే. ప్రష్యాలో 1807లో మొదలైన వెట్టి రద్దు 1850 చట్టంతో ఒక కొలిక్కి వచ్చింది. రైతుకు భూమిని అమ్ముకునే హక్కు చిక్కింది. అమ్మితేగాని ఓడ టికెట్టుకు డబ్బు రాదు. మరీ నిరుపేదలు ఆ ప్రయాణం చేయలేరు. ఎంతోకొంత నేల ఉండి, అది చాలనివాళ్లే బయలుదేరారు. వలస అనగానే మనకు కట్టుబట్టలే గుర్తొస్తాయి. ఈ వలస మాత్రం దుక్కి సామాను, ఈకల పరుపులు కట్టుకుని సాగింది.

తొలి గుంపు బ్రెమెన్‌లో వేజర్ అనే ఓడ ఎక్కి 1854 డిసెంబరు 3న గాల్వెస్టన్‌లో దిగింది. అక్కడినుంచి ఇండియనోలా రేవుకు, ఇండియనోలా నుంచి అద్దెబండ్ల మీద సామాను వేసి కాలినడకన శాన్ ఆంటోనియోకు. అక్కడ ఫాదర్ లియోపోల్డ్ ఎదురయ్యాడు. శాన్ ఆంటోనియో నదిలో సిబోలో వాగు కలిసేచోట, నేడు కార్న్స్ కౌంటీ అనే ప్రాంతంలో, క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక పెద్ద ఓక్ చెట్టు కింద పూజ జరిగింది. ఆ చోటికి పన్నా మరియా అని పేరు పెట్టారు, కన్య మరియ అని. అమెరికాలో ఇప్పటికీ నిలిచి ఉన్న పోలిష్ పల్లెల్లో ఇదే అన్నిటికన్నా పాతది.

వచ్చినవాళ్లకు కనిపించింది నడుమెత్తు గడ్డి, గిలకపాములు. ఇళ్లు లేవు. శాన్ ఆంటోనియో వర్తకుడు జాన్ టూహిగ్ దగ్గర భూమిని ఎక్కువ ధరకు కొనుక్కోవాల్సి వచ్చింది. పైన రెండేళ్లకే అనావృష్టి. జనం పాదిరి మీద తిరగబడ్డారు. ఎవరి ఉత్తరం నమ్మి వచ్చారో వాడి మీద కోపం రావడంలో వింతేముంది? 1856లో ఆయన పన్నా మరియా వదిలి వెళ్లిపోయాడు. తర్వాత ఆయన చేసిన పనులు పెద్దవే. అమెరికా పోలిష్ కాథలిక్కుల సంఘానికి తొలి నాయకుల్లో ఒకడయ్యాడు, డెట్రాయిట్‌లో 1885లో పోలిష్ సెమినరీ నెలకొల్పడంలో చేయి వేశాడు, అదే నగరంలో 1891లో పోయాడు. 1974లో ఆయన అస్థికలను తెచ్చి పన్నా మరియాలో ఆ ఓక్ చెట్టు కింద తిరిగి పూడ్చారు. తాతలు వెళ్లగొట్టినంత పని చేసిన మనిషిని మనవలు తిరిగి తెచ్చుకున్నారు.

ఆయన సన్యాసి. ఆయన వల్ల ఇంటిపేరు ఒక్క అడుగు ముందుకు పోలేదు. ఆ పేరు నిలిపింది ఆయన మాట విని వెంట వచ్చిన అన్నదమ్ములు, సంసారులు. ఊళ్లో వెనకాల ఉండిపోయి, కరువును భరించి, పొలాలు దున్ని, పిల్లల్ని కని పెంచింది వాళ్లు. చరిత్ర పుస్తకంలో పేరు పాదిరిదే, జనాభా లెక్కల్లో పేరు మాత్రం తమ్ముళ్లది.

ఇక్కడ కాస్త లెక్కల్లోకి వెళ్లాలి. 1873లో ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్‌కు ఒక సందేహం వచ్చింది. పేరున్న కుటుంబాల ఇంటిపేర్లు కొన్ని తరాల్లో మాయమైపోతున్నాయి, అది వాళ్ల వీర్యహీనతా లేక కేవలం యాదృచ్ఛికమా అని. హెన్రీ విలియం వాట్సన్ అనే మతగురువు, గణితజ్ఞుడు కూడా, దానికి లెక్క కట్టాడు. కొడుకుల ద్వారానే పేరు సాగే పద్ధతిలో ప్రతి తరంలోనూ కొన్ని పేర్లు మగపిల్లలు లేక ఆగిపోతాయి. 1874లో ఇద్దరూ అచ్చువేసిన ఆ పత్రంలో వాట్సన్, అన్ని పేర్లూ చివరికి అంతరిస్తాయి అనేదాకా వెళ్లాడు. అది తప్పని తర్వాత తేలింది. సగటున ఒక్కొక్కరికీ ఒకరికి మించి కొడుకులుంటే కొన్ని పేర్లు పోతాయి, మిగిలినవి విజృంభిస్తాయి. ఏది ఏదవుతుందో మొదటి రెండు మూడు తరాల్లోనే దాదాపు తేలిపోతుంది.

మొచిగెంబ అదృష్టం అదే. ఖాళీ నేల మీద తొలి గుంపులోనే ఒకరు కాదు, అన్నదమ్ములు పలువురు దిగారు. పెద్ద సంసారాలు. పొలం ఉన్నచోటే కొడుకులు. చుట్టూ తమ భాషే. 1855, 56ల్లో మరిన్ని గుంపులు సైలీషియా నుంచి వచ్చాయి. సెంట్ హెడ్విగ్, చెస్తొహోవ, కోస్యుష్కో వంటి పల్లెలు చుట్టుపక్కల క్రమంగా వెలిశాయి. ఇవాళ కార్న్స్, విల్సన్, బెక్సర్ కౌంటీల్లో, అంటే శాన్ ఆంటోనియో నగరంలోనూ దాని ఆగ్నేయాన ఉన్న పల్లెల్లోనూ, మొచిగెంబ అంటే స్పెల్లింగు చెప్పమని ఎవరూ అడగరు. బోర్డుల మీద, సమాధిరాళ్ల మీద, ఎన్నికల కాగితాల మీద అలవాటైన పేరు. అక్కడినుంచి మిగతా టెక్సాస్‌కు పాకింది. పోలిష్ వాళ్లంటే ఠక్కున గుర్తొచ్చే షికాగో, డెట్రాయిట్ వాళ్ల పేర్లు వేరు, వాళ్ల కథ వేరు. వాళ్లు ఎక్కువమంది ఇంకో తరం తర్వాత కార్ఖానాల కోసం వచ్చినవాళ్లు.

అమెరికాలో పేర్లు చెడిపోవడానికి న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపం గుమస్తాలే కారణమని ఒక కథ బలంగా చెలామణిలో ఉంది. నాకా కథ మీద నమ్మకం లేదు. ఎల్లిస్ ద్వీపం తెరిచిందే 1892లో. అక్కడి అధికారులు కొత్తగా పేర్లు రాసేవాళ్లు కాదు. యూరప్ రేవులో ఓడ కంపెనీవాళ్లు రాసిన జాబితాలో టిక్కు పెట్టుకునేవాళ్లు. పేర్లు మారింది తర్వాత: బడిలో, ఫ్యాక్టరీలో, ఎక్కువగా సొంతదారుల చేతుల్లోనే. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు రేమొ కోపా పేరు వినే ఉంటారు, 1958లో బాలన్ దోర్ గెలిచినవాడు. ఉత్తర ఫ్రాన్స్ బొగ్గుగనుల ఊళ్లో, పోలిష్ వలసకుటుంబంలో పుట్టాడు. అసలు ఇంటిపేరు కోపశెవ్‌స్కి. పలకలేక కత్తిరించారు, కోపా మిగిలింది. ఒంటరిగా పరాయి గుంపులోకి వెళ్లినవాడి పేరు అలా తెగుతుంది. పన్నా మరియా పిల్లవాడికి ఆ అవసరం రాలేదు. వాడి బడి, చర్చి, వాడి రిజిస్టరు రాసే పాదిరి, అందరూ ఆ పేరు పలకగలిగినవాళ్లే. ప్రభుత్వ గుమస్తా ఏం గిలికినా చర్చి పుస్తకం సరిగ్గా ఉండేది.

ఆ తొలి ఊళ్ల ఇంకో పేరు చెప్పకుండా ఉండలేను. కియోల్‌బస్స. కిల్‌బసా అనే పోలిష్ సాసేజ్ మీకు తెలిసే ఉంటుంది. సైలీషియా యాసలో అదే మాట ఇలా పలుకుతారు. పీటర్ కియోల్‌బస్స సైలీషియాలో పుట్టి కుర్రతనంలో పన్నా మరియా వచ్చాడు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో ఉండి, 1863లో ఆర్కన్సా పోస్ట్ దగ్గర పట్టుబడి, ఉత్తరాది వైపు ఇల్లినాయ్ అశ్వికదళంలో చేరాడు. తర్వాత షికాగో పోలిష్ వాళ్లకు పెద్ద, 1891లో నగర కోశాధికారి. అదే ఇంటిపేరుతో శాన్ ఆంటోనియోలో 1949లో మొదలైన కంపెనీ ఏం తయారుచేస్తుందనుకున్నారు? సాసేజ్‌లే! ఇంటిపేరు వృత్తిని వెతుక్కుంటూ వెళ్లిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

ఇటు టెక్సాస్‌లో పేరు కదలకుండా ఉంటే, అటు పుట్టిన నేలలో దాని తోటిపేర్ల గతి చూడండి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1921లో ప్రజాభిప్రాయం సేకరించి ఎగువ సైలీషియాను చీల్చారు. ఒపోలె వైపు జర్మనీలోనే ఉండిపోయింది. 1930ల్లో నాజీ ప్రభుత్వం స్లావ్ వాసన ఉన్న ఇంటిపేర్లను జర్మన్‌గా మార్పించింది. 1945లో ఆ నేల పోలండ్‌కు వచ్చింది. కొత్త ప్రభుత్వం వెంటనే జర్మన్ వాసన ఉన్న పేర్లను పోలిష్‌గా మార్పించింది, పిల్లల సొంత పేర్లతో సహా. ఒకే మనిషి ఇల్లు కదలకుండా, ఒకే మంచం మీద పడుకుని, ఇరవై ఏళ్ల లోపు రెండు ప్రభుత్వాల చేత రెండు స్పెల్లింగులు రాయించుకున్నాడు. తర్వాతి దశాబ్దాల్లో ఎంతోమంది పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయారు, పేర్లు ఇంకోసారి మారాయి. ఇలాంటి పేర్లను ఇవాళ పోలండ్‌లో తోకతోనూ తోక లేకుండానూ, జర్మనీలో జర్మన్ వేషంలోనూ చూడొచ్చు. 1854 నాటి రూపం చెక్కుచెదరకుండా కావాలంటే అట్లాంటిక్ దాటాలి.

మరి వీళ్లెవరు? 1854లో ప్రష్యావాళ్లు. పన్నా మరియాలో పోలిష్ వాళ్లయ్యారు. 1966లో పోలండ్ క్రైస్తవం స్వీకరించి వెయ్యేళ్లయిన సందర్భంగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ ఊరి చర్చికి చెస్తొహోవ మరియమ్మ మొజాయిక్ చిత్రాన్ని కానుకిచ్చాడు. 1987లో పోలండ్ నుంచి వచ్చిన పోపు రెండో జాన్ పాల్ శాన్ ఆంటోనియోలో ఆ ఊరివాళ్లను కలిశాడు. వీళ్ల పెద్దవాళ్లు ఇంట్లో మాట్లాడుకున్నది మాత్రం వార్సా పోలిష్ కాదు, సైలీషియా యాస, ఇంగ్లీషు మాటలు కలిసినది. భాషాశాస్త్రజ్ఞులు దాన్ని టెక్సాస్ సైలీషియన్ అని పిలుస్తారు. ఈలోగా పోలండ్‌లోనే 2021 జనాభా లెక్కల్లో 5 లక్షలకు పైగా జనం తాము సైలీషియన్లమని రాయించుకున్నారు. పటం మీద చుక్కలు పెట్టి, ఇన్ని పోలిష్ ఇంటిపేర్లు ఇక్కడున్నాయి, ఇంత పోలిష్ రక్తం ఇక్కడుంది అని తేల్చేవాళ్లు ఈ మనుషుల్ని ఏ రంగులో వేస్తారు? ఇంటిపేర్ల పటం రక్తాన్ని చూపించదు. ఏ కాలంలో ఏ కచేరీ ఏ లిపిలో రాసిందో, ఎవరు భూమి పట్టుకుని ఒకచోట నిలిచారో చూపిస్తుంది.

భూమి అన్నాను కాబట్టి ఒక మాట. 2010 ప్రాంతంలో కార్న్స్ కౌంటీ కింద ఈగిల్ ఫర్డ్ రాతిపొరల నుంచి చమురు తీయడం జోరందుకుంది. ఆ గడ్డినేల టెక్సాస్ చమురు ఉత్పత్తిలో ముందువరసకు వచ్చింది. టూహిగ్ దగ్గర ఎక్కువ ధర పెట్టి కొన్నామని తిట్టుకున్న రైతుల మునిమనవల్లో భూమి అమ్ముకోనివాళ్లకు రాయల్టీలు వచ్చాయి. 2021లో పన్నా మరియాలో పోలిష్ వారసత్వ కేంద్రం తెరిచారు. వంశవృక్షాలు వెతుక్కునేవాళ్లు అక్కడికి వస్తున్నారు. తాగుబోతు అని ఎవరో సైలీషియా రైతు వెక్కిరించిన మాట, ఒక కౌంటీలో వ్యవస్థాపక కుటుంబం పేరైంది. పోలిష్ రచయిత గొంబ్రోవిచ్ 1937 నాటి 'ఫెర్దిదుర్కె' నవలలో, లోకం మన ముఖానికి అతికించే మూతినే 'గెంబ' అన్నాడు, దాన్నుంచి తప్పించుకోలేమన్నాడు. మొచిగెంబ వారు తప్పించుకోలేదు. ఆ మూతినే పెట్టుకుని, దాని అర్థం తెలియనిచోటికి వెళ్లి గౌరవంగా బతికారు.

ఇదంతా మనకు ఎలా తెలిసింది? లిండ్సే బేకర్ అనే టెక్సాస్ చరిత్రకారుడు సైలీషియాలోనూ టెక్సాస్‌లోనూ చర్చి రిజిస్టర్లు, ప్రభుత్వ దస్త్రాలు తిరగేసి, ఓడకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లనూ కలిపాడు. 1979లో ఆ పుస్తకం వచ్చింది. పేరు అర్థం దగ్గర ఆగిపోకుండా రాసిన చేతి దాకా వెళ్లినవాడు ఆయన.

మనకు అలాంటి పని మిగిలే ఉంది. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా నెటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు 1,52,000 మందికి పైగా. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఎక్కినవాళ్లు, తెలుగువాళ్లు వేలల్లో. ఓడ జాబితాల్లో తండ్రి పేరు, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. మనిషి ఇంటిపేరు అక్కడితో పోయింది. పేరు చివర కులానికి గుర్తుగా ఉండే నాయుడు, రెండు 'ఓ'లు తగిలించుకుని అక్కడ ఇంటిపేరై కూర్చుంది. ఇవాళ దక్షిణాఫ్రికాలో నైడూ అనే పేరు వీధివీధినా ఉంది. వాళ్లలో ఎందరికి తమ ముత్తాత ఊరు తెలుసు? ఆ ఊళ్లలో ఎందరికి, తమ ఇంటినుంచి ఒకడు డర్బన్ వెళ్లాడని తెలుసు?

ఆ జాబితాలు దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి. ఈ సభలో పరిశోధన చేస్తున్న యువమిత్రులున్నారు. మీలో ఒకరు ఒక్క ఓడను తీసుకోండి. అందులోని తెలుగు ఊళ్ల పేర్లను ఇంగ్లీషు గుమస్తా స్పెల్లింగుల్లోంచి విడదీసి, ఆ ఊళ్లకు వెళ్లి, అక్కడ మిగిలిన ఇంటిపేర్లతో సరిచూడండి. మాస్టారి పేరిట ఏటా ఉపన్యాసం జరుపుకుంటున్న ఈ సంస్థ వచ్చే ఏడు ఉపన్యాసం బదులు ఆ పనికి డబ్బు ఇవ్వాలని అధ్యక్షులను సభాముఖంగా కోరుతున్నాను.